అదే గిన్నె అన్నం: చద్ది తిన్న అమ్మకు ఏమీ కాలేదు, వేడిచేసి తిన్న మాకు వాంతులు

గోదారి_గట్టు
శనివారం రాత్రి చుట్టాలు నలుగురు వస్తామన్నారు కదా అని బియ్యం ఎక్కువ పోశాం. వాళ్లు రాలేదు. గిన్నెలో సగానికి పైగా మిగిలింది. మూత పెట్టి పొయ్యి గట్టు మీదే వదిలేసి పడుకున్నాం. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు అదే అన్నానికి ఎండుమిరపకాయలు, వేరుశెనగపప్పు వేసి తాలింపు పెట్టాను. ఊరికే వెచ్చబెట్టడం కాదు, అడుగంటేదాకా వేయించాను. పొగలు కక్కింది. నేనూ మా అబ్బాయీ తిన్నాం. మూడు కొట్టేసరికి వాడికి వాంతి, ఆ వెనకే నాకు. సాయంత్రం ఏడింటిదాకా స్నానాల గదికీ మంచానికీ మధ్య తిరుగుడే. జ్వరం లేదు, విరేచనాలు లేవు. రాత్రికి తేరుకున్నాం.

నాకు మింగుడుపడనిది ఒకటుంది. అదే గిన్నెలోంచి మా అమ్మ రాత్రే తన వాటా తీసుకుని చద్దన్నం వేసుకుంది. పొద్దున్నే ఉల్లిపాయ నంజుకుని తినేసింది. ఆవిడకు డెబ్బై ఆరు. ఏమీ కాలేదు. నిప్పు మీద పెట్టి క్రిములను చంపుకుని తిన్న మేం పడ్డాం. చల్లటిది తిన్న ఆవిడ మమ్మల్ని చూసి నవ్వుతోంది. ఇదెక్కడి న్యాయం?

అనుమానపు_పక్షి
అన్నం మీద నెపం వేసే ముందు శనివారం సాయంత్రం బయట ఏం తిన్నారో చెప్పండి. ఇలాంటివి చివరికి పానీపూరీ బండి దగ్గరే తేలతాయి.

గోదారి_గట్టు
రెండు రోజులూ గడప దాటలేదు. మా ఆవిడకు ఆదివారం ఉపవాసం, ఆ తాలింపు అన్నం ముట్టుకోలేదు. ఆమె బాగానే ఉంది. తిన్నది మేమిద్దరమే, పడ్డదీ మేమిద్దరమే.

పప్పుచారు
ఉపవాసానికి ఫలం రెండు గంటల్లో దక్కడం ఇదే మొదటిసారి వినడం.

సూక్ష్మదర్శిని
పదిహేనేళ్లుగా సూక్ష్మజీవుల ల్యాబ్‌లో పని చేస్తున్నాను. పరీక్షించకుండా ఖాయంగా చెప్పను గానీ, తిన్న రెండు గంటలకే వాంతులు, జ్వరం లేకపోవడం, రోజు తిరక్కముందే తగ్గిపోవడం, పైగా అన్నం, ఇవన్నీ కలిపితే నా అనుమానం బాసిలస్ సీరియస్ అనే బాక్టీరియా మీదికి పోతుంది. దాని వాంతుల రకం తిన్న అరగంట నుంచి ఆరు గంటల లోపు బయటపడుతుంది.

దాని సొంత ఇల్లు మట్టి. పొలంలోంచి వడ్లకు, వడ్లనుంచి బియ్యానికి అంటుకుని మన డబ్బాలోకి వస్తుంది. మూడు నీళ్లు కడిగినా కొంత మిగిలే ఉంటుంది. తనకు అనువుగా లేనప్పుడు గట్టి పెంకు కట్టుకుని సిద్ధబీజంగా మారి నిద్రపోతుంది. అన్నం ఉడికే వేడికి మామూలు బాక్టీరియా చస్తుంది, ఈ సిద్ధబీజం చావదు. నిజానికి ఉడకడం దానికి మేలే చేస్తుంది: పోటీకి వచ్చేవాళ్లంతా పోయారు, మెత్తటి పిండిపదార్థం, కావలసినంత తడి, పులుపు మచ్చుకైనా లేదు. అన్నం వేడి 60 డిగ్రీల కిందికి దిగి గోరువెచ్చన అవుతున్నకొద్దీ అది మొలకెత్తి పెరగడం మొదలుపెడుతుంది. మూత పెట్టిన పెద్ద గిన్నెలో పైన చల్లారినట్టే కనిపిస్తుంది. రెండు గంటల తర్వాత గరిటె మధ్యలోకి గుచ్చి చూడండి, లోపల ఇంకా వెచ్చగా తగులుతుంది. దానికి కావలసింది అదే.

ఇక మీ ప్రశ్న. మీరు వేయించినప్పుడు బాక్టీరియా చాలావరకు చచ్చే ఉంటుంది. కానీ అప్పటికే అది అన్నంలోకి వదిలిన విషం చావదు, దానికి ప్రాణమే లేదు కాబట్టి. సెరియులైడ్ అంటారు. 121 డిగ్రీల దగ్గర గంటన్నర ఉంచినా చెక్కుచెదరని సరుకు, మీ మూకుడు ఏ లెక్క? పాము చచ్చింది, కక్కిన విషం పళ్లెంలోనే ఉంది.

పప్పుచారు
పేరులోనే సీరియస్ పెట్టుకుని తిరుగుతున్నదాన్ని మనం తేలిగ్గా తీసుకున్నాం.

సూక్ష్మదర్శిని
అది లాటిన్ మాట, మైనంలాంటిది అని అర్థం. ల్యాబ్ పళ్లెంలో పెంచితే మైనం పూసినట్టు మచ్చలు కడుతుంది.

ఒంగోలు_గిత్త
ఈ ల్యాబుల వాళ్లు చెప్పేది వింటే గాలి పీల్చడానికీ భయం వేస్తుంది. మా తాత జీవితమంతా రాత్రి అన్నం తిని నాగలి పట్టాడు. ఫ్రిజ్ అంటే ఏమిటో తెలియదు. ఒక్కరోజు కడుపు పట్టుకుని కూర్చోలేదు. మీ సిద్ధబీజాలు అప్పుడు ఎక్కడ నిద్రపోయాయి?

రిటైర్డ్_మాస్టారు
గిత్త గారూ, మీ తాతగారు తిన్నది రాత్రి అన్నమా, చద్దన్నమా? రెండూ ఒకటి కావు. అసలు చిక్కుముడి విడేది ఇక్కడే.

గట్టు గారూ, అమ్మగారిని ఒక మాట అడిగి చెప్పండి. రాత్రి అన్నంలో ఉత్త నీళ్లు పోశారా, మజ్జిగ కూడా పోశారా? ఎన్ని గంటలకు?

గోదారి_గట్టు
అడిగాను. "తొమ్మిదింటికి, అన్నం మునిగేదాకా నీళ్లు, ఒక గరిటెడు పుల్లమజ్జిగ. మట్టి ముంతలో. ఉప్పు పొద్దున్న" అంది. "ఎవరు అడుగుతున్నారు?" అని కూడా అంది. మాస్టారు అన్నాను. "మాస్టారుకు ఇది కూడా తెలియదా" అంది.

రిటైర్డ్_మాస్టారు
అమ్మగారికి నా నమస్కారం.

ఆ గరిటెడు మజ్జిగే కథ. అందులో లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బాక్టీరియా కోట్లలో ఉంటుంది. మునిగిన అన్నంలో ముందు అది జొరబడి రాత్రంతా పులియబెడుతుంది. సంఖ్యలో తక్కువగా ఉన్న మట్టి బాక్టీరియా నిద్రలేచేసరికి ఇల్లు పుల్లబడిపోయి ఉంటుంది. ఇడ్లీ పిండిలో జరిగేదీ ఇదే. ల్యూకోనోస్టాక్ వంటి ఆ జాతి బాక్టీరియా పెరిగి పిండిని పొంగిస్తాయి, పులుపెక్కిస్తాయి. రుబ్బిన పప్పు ఉత్తగా అంతసేపు ఉంటే ముక్కు మూసుకోవాలి, అదే పిండి పులిస్తే ఇడ్లీ అవుతుంది.

పులుపు కొలిచే లెక్క పీహెచ్ అని బడిలో చెప్పేవాణ్ణి. ఉత్త నీళ్లు 7, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. అన్నం దాదాపు అక్కడే. బాగా పులిసిన ఇడ్లీ పిండి నాలుగున్నర దరిదాపుల్లోకి దిగుతుంది. రోగకారక బాక్టీరియాలో ఎక్కువ భాగానికి ఏడు చుట్టుపక్కలే హాయి.

సూక్ష్మదర్శిని
మాస్టారు చెప్పింది నిజమే, కానీ ఒక సవరణ. అమ్మగారికీ మీకూ తేడా మజ్జిగ ఒక్కటే కాదు. ఆవిడ వాటా తొమ్మిదింటికే చల్లటి నీళ్లలో పడింది, వెచ్చగా ఉండే సమయం తెగిపోయింది. పొద్దున ఏడింటికల్లా తినేశారు. మీది మర్నాడు ఒంటిగంట, మొత్తం పదహారు గంటలు. కాబట్టి "చద్దన్నం చేస్తే ఏమీ కాదు" అని రాసిచ్చేయకండి. మజ్జిగ లేకుండా ఉత్త నీళ్లు పోసి, ఎండాకాలంలో మధ్యాహ్నందాకా ఉంచితే నేను హామీ ఇవ్వను.

గిత్త గారి తాతగారు పొలానికి వెళ్లే ముందు, తెల్లవారకముందే తిని ఉంటారు కదా?

ఒంగోలు_గిత్త
కోడి కూతకు. మజ్జిగ కూడా పోసేవాళ్లు, నాకు గుర్తుంది. సరే, ఈ ఒక్కసారికి ఒప్పుకుంటున్నాను.

రిటైర్డ్_మాస్టారు
ఆ పదహారు గంటలంటే ఏమిటో చిన్న లెక్క. అన్నీ అనుకూలిస్తే ఇరవై నిమిషాలకు ఒకసారి రెండుగా చీలే బాక్టీరియా ఉన్నాయి. ఒక్కదానితో మొదలుపెట్టండి. గంటకు 8. ఏడు గంటలు గడిస్తే 21 సార్లు రెట్టింపు: 20,97,152. ఏడో గంట చివరి ఇరవై నిమిషాల్లోనే పది లక్షలకు పైగా చేరతాయి. అందుకే "ఒక్క గంటే కదా ఎక్కువ ఉంచాం" అనేది మొదటి గంటకు చెల్లుతుంది గానీ ఎనిమిదో గంటకు చెల్లదు.

అనుమానపు_పక్షి
కరెంటు కుక్కర్‌లో వండాక వెచ్చగా ఉంచే మీట ఉంటుంది కదా. రాత్రంతా అలా వదిలేస్తే? మా ఇంట్లో రోజూ అదే పని.

సూక్ష్మదర్శిని
ఆ మీట అన్నాన్ని 60 డిగ్రీలకు పైన ఉంచితే ఏమీ పెరగదు. ఉంచుతోందో లేదో వంటింటి థర్మామీటరు గుచ్చి చూసుకోవాలి. మధ్యలో కరెంటు పోతే ఆ మూత కింద గోరువెచ్చటి గది తయారవుతుంది. 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఎంత తక్కువ సేపు ఉంటే అంత మంచిది. తినేదాకా వేడిగా ఉంచండి, లేదా వెడల్పు పళ్లెంలో పరిచి తొందరగా చల్లార్చి గంట రెండు గంటల్లో ఫ్రిజ్‌లో పెట్టండి.

వంటపంతులు
పళ్లెంలో పరచడం అనే మాట నేను చాలా ఖర్చు పెట్టి నేర్చుకున్నాను. పెళ్లిళ్లకు వంటలు ఒప్పుకుంటాను. ఏడెనిమిదేళ్ల కిందట ఒక రిసెప్షన్‌కు మాంసం కూర ముందురోజు రాత్రే వండేశాం, పొద్దున మనుషులు దొరకరని. రెండు పెద్ద గుండిగలు. పొయ్యి మీద నుంచి దించి మూతలేసి పైన గోనె పట్టాలు కప్పాం, ఏ పురుగూ పడకూడదని. పొద్దున తీస్తే లోపల ఇంకా వెచ్చగానే ఉంది. సంతోషించాం కూడా, గ్యాసు కలిసొస్తుందని. మధ్యాహ్నం పైపైన వెచ్చబెట్టి వడ్డించాం. ఆ రాత్రి పెళ్లివారింట్లో సగం మందికి కడుపునొప్పి, నీళ్ల విరేచనాలు. వాంతులు పెద్దగా లేవు. మర్నాటికి తగ్గాయి. డబ్బులు రాలేదు సరే, ఆ ఊళ్లో మూడేళ్లు నన్నెవరూ పిలవలేదు. ఇప్పటికీ కారణం తెలియదు. మాంసం తాజాదే, నా కళ్ల ముందే కోశారు.

సూక్ష్మదర్శిని
పంతులు గారూ, వాంతులు లేకుండా ఎనిమిది పన్నెండు గంటలకు కడుపునొప్పి, విరేచనాలంటే ముందు గుర్తొచ్చేది క్లాస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్. ఇదీ సిద్ధబీజాల జాతే. మట్టిలోనూ, మనుషుల పశువుల పేగుల్లోనూ ఉంటుంది. దీనికి గాలి పడదు. గుండిగ నిండా చిక్కటి కూర ఉడికితే లోపలి గాలి తరిమేసినట్టే, అడుగున దానికి కావలసిన చీకటి గది. దీనికి ఇష్టమైన వేడి 43 నుంచి 47 డిగ్రీలు. అక్కడ పది నిమిషాలకే రెట్టింపు కాగలదు. మీరు గోనె పట్టా కప్పి ఆ వేడిని రాత్రంతా కాపాడారు.

గట్టు గారి కేసుకూ దీనికీ ఒక తేడా ఉంది. ఇక్కడ విషం చాలావరకు కూరలో తయారు కాదు. బతికున్న బాక్టీరియాను కోట్లలో మింగితే అది మన పేగుల్లో వదులుతుంది. కాబట్టి వడ్డించే ముందు మధ్యభాగం సైతం కుతకుత ఉడికి ఉంటే బయటపడేవారే. "పైపైన వెచ్చబెట్టి" అన్నారు చూడండి, అది దెబ్బతీసింది.

వంటపంతులు
మూడేళ్లు ఊరికే మాంసం కొట్టువాణ్ణి తిట్టుకున్నాను. ఇప్పుడు వెళ్లి చెప్పాలి.

ఇప్పుడు కూరలు లోతు లేని తట్టల్లో నాలుగు వేళ్ల మందాన పోసి, ఫ్యాన్ల కింద చల్లార్చి ఐసు గదికి పంపుతున్నాను. వడ్డించే కుర్రాళ్లలో ఎవరికైనా వేలు తెగినా, చీము పొక్కు ఉన్నా ఆ రోజు మజ్జిగ, నీళ్ల దగ్గరికి కూడా రానివ్వను. కుర్చీలు సర్దే పని ఇస్తాను.

సూక్ష్మదర్శిని
మంచి పని. పుండు లేకపోయినా ముక్కు చూసుకోవాలి. ముగ్గురిలో ఒకరి ముక్కులో స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా కాపురం ఉంటుంది, వాళ్లకు ఏ జబ్బూ చేయదు. ముక్కు తుడుచుకున్న చేత్తో కోవా కలిపితే, ఆ కోవా ఎండలో మూడు నాలుగు గంటలు ఉంటే, అప్పుడు పెళ్లి ఫోటోల్లో అందరూ నీరసంగా ఉంటారు. దాని విషం కూడా మరిగిస్తే పోదు.

రిటైర్డ్_మాస్టారు
రోగం చేయకుండా మనిషిలో కాపురం అంటే మేరీ మాలన్ గుర్తొచ్చింది. న్యూయార్క్‌లో సంపన్నుల ఇళ్లలో వంటమనిషి. తను చేరిన ఇళ్లలో చాలావాటిలో టైఫాయిడ్. ఆవిడ మాత్రం గుండ్రాయిలా ఉండేది. 1907లో పట్టుకున్నారు. టైఫాయిడ్ బాక్టీరియాకు మనిషి తప్ప వేరే ఇల్లు లేదు, కొందరిలో పిత్తాశయంలో ఏళ్ల తరబడి దాక్కుంటుంది. వండిన కూరల వల్ల అంటుకోవడం కష్టం కదా అని ఆరా తీస్తే, పచ్చి పీచ్ పండ్లు కోసి వేసిన ఐస్‌క్రీం ఆవిడ చేతి ప్రత్యేకత అని తేలింది. ఆ పండ్లకు నిప్పు తగలదు.

ఆవకాయ_అమ్మమ్మ
నేను ఎప్పుడూ రాయను, మనవరాలు టైపు చేస్తోంది. మీరంతా అన్నం, మాంసం అంటున్నారు. మా జాడీలో ఆవకాయ ఏడాది ఉంటుంది, ఫ్రిజ్ లేదు, పొయ్యి లేదు. ముక్కలు పచ్చివే. అందులోకి ఏ క్రిమీ ఎందుకు రాదో చెప్పండి. నేను చెబుతాను: ముక్క తుడిచి ఆరబెట్టాలి, ఉప్పు తక్కువ వేయకూడదు, తడి చెయ్యి తగలకూడదు, నూనె పైకి తేలాలి. నూనె తేలితే గాలి తగలదు. గాలి తగలకపోతే ఏదీ పెరగదు.

సూక్ష్మదర్శిని
అమ్మమ్మ గారూ, నాలుగింటిలో మూడు మాటలకు నూటికి నూరు. నాలుగోదాని దగ్గర ఆగుతాను.

క్రిమికి నీళ్లుండడం చాలదు, అది తాగగలిగే నీళ్లు ఉండాలి. ఉప్పు, పంచదార ఆ నీళ్లను పట్టేసుకుంటాయి. ఈ అందుబాటు నీటిని కొలిచే లెక్కలో ఉత్త నీరు 1. బాక్టీరియాలో చాలావాటికి 0.91 కంటే తగ్గితే బతుకు కష్టం. ఉప్పును తట్టుకోవడంలో మొండిదైన స్టెఫైలోకాకస్ కూడా 0.86 దగ్గర ఆగిపోతుంది. తేనె 0.6 దగ్గర ఉంటుంది. వడియాలు, ఎండుచేపలు, ఆవకాయ, అన్నింటిదీ ఇదే కిటుకు. తడి గరిటె పెట్టగానే ఆ ఒక్కచోట నీళ్లు పెరుగుతాయి, మర్నాటికి అక్కడే తెల్లగా బూజు.

ఇక నూనె. అది బూజును ఆపుతుంది, బూజుకు గాలి కావాలి కాబట్టి. కానీ గాలి లేకపోతేనే పెరిగేవి కొన్ని ఉన్నాయి, వాటిలో ఒకటి అన్నింటికంటే ప్రమాదకరం: క్లాస్ట్రిడియం బొట్యులినం. నరాలను పట్టేసే విషం దానిది. దాన్ని ఆవకాయలో ఆపుతున్నది మీ నూనె కాదు, మామిడికాయ పులుపూ మీ ఉప్పూ. పీహెచ్ 4.6 కంటే తక్కువైతే అది పెరగలేదు.

ఆవకాయ_అమ్మమ్మ
నూనె వద్దంటారా అయితే?

సూక్ష్మదర్శిని
అయ్యో, లేదు. పోయండి. నూనె ఒక్కదాన్నే నమ్ముకుని ఉప్పు తగ్గించవద్దు అంటున్నాను.

డల్లాస్_డాబా
ఆ తప్పు చేసినవాణ్ణి నేనే. నాకు రక్తపోటు. కిందటి వేసవిలో సగం ఉప్పుతో ఆవకాయ కలిపి, లోటు పూడ్చడానికి నూనె రెట్టింపు పోసి అలమరలో పెట్టాను. పదిహేను రోజులకు సీసా మూత తీస్తే బుస్సుమంది, నూనె కింద నుంచి బుడగలు. వాసన ఆవకాయది కాదు, కల్లుపాకది. పారేశాను. ఇంకోటి, ఇక్కడ వెల్లుల్లి రెబ్బలు నూనెలో వేసి బయట ఉంచుకోవద్దని గట్టిగా చెబుతారు. మన వెల్లుల్లి ఆవకాయ తింటూ పెరిగినవాణ్ణి, నవ్వుకున్నాను అప్పట్లో.

సూక్ష్మదర్శిని
బుడగలు వచ్చింది బహుశా ఈస్ట్ వల్ల, అది మిమ్మల్ని హెచ్చరించింది. బొట్యులినం ప్రతిసారీ అలా బుస్సుమనదు, రంగూ రుచీ మారకుండానే ఉండొచ్చు. వెల్లుల్లి నేలలో పెరిగేది, సిద్ధబీజాలు దాన్ని పట్టుకునే వస్తాయి. ఉత్త నూనెలో వేస్తే తడి రెబ్బ, పులుపు లేదు, ఉప్పు లేదు, గాలి లేదు. వెల్లుల్లి ఆవకాయలో ఉప్పూ పులుపూ కాపలా ఉన్నాయి. మాట ఒకటే, జాడీ వేరు. ఉప్పు తగ్గించిన ఆవకాయ కావాలంటే కొద్దిగా కలిపి ఫ్రిజ్‌లో పెట్టి తొందరగా తినేయండి.

పప్పుచారు
రక్తపోటు ఉన్నవాడికి ఆవకాయ తొందరగా తినేయమని సలహా ఇచ్చిన మొదటి ల్యాబ్ మీదే.

కొత్త_కోడలు
నాకు ఆరో నెల. పైన అన్నింటికీ మందు ఫ్రిజ్ అన్నట్టుంది. ఫ్రిజ్‌లో పెడితే ఇక భయం లేదా? మా ఇంట్లో మూడు రోజుల కూరలు కూడా అందులోనే.

పప్పుచారు
మా ఫ్రిజ్‌లో ఒక సాంబారు ఉంది, దాని పుట్టుపూర్వోత్తరాలు ఎవరికీ తెలియవు.

సూక్ష్మదర్శిని
అమ్మా, ఫ్రిజ్ చాలావాటిని నెమ్మదింపజేస్తుంది, చంపదు. లిస్టీరియా అనేది 4 డిగ్రీల దగ్గర కూడా మెల్లగా పెరుగుతుంది. మామూలు వాళ్లకు పెద్దగా ఏమీ చేయదు గానీ గర్భిణులకు ప్రమాదం, తల్లికి చిన్న జ్వరంలా వచ్చి బిడ్డకు హాని చేయవచ్చు. ఊరట ఏమిటంటే ఇది వేడికి చస్తుంది, గట్టు గారి అన్నంలోలా విషం మిగల్చదు. కాబట్టి కాచని పాలు, వాటితో చేసినవి వద్దు. ఫ్రిజ్‌లోంచి తీసింది గోరువెచ్చగా కాక పొగలు వచ్చేదాకా వేడిచేసి తినండి. మూడు రోజుల కూర మీకు వద్దు, మిగతావాళ్లను తిననివ్వండి. జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.

కొత్త_కోడలు
ఇంకొకటి. బిడ్డ పుట్టగానే నాలుక మీద తేనె రాయాలని మా అత్తగారు ఇప్పుడే సీసా తెప్పించి పెట్టారు. తేనెలో ఏదీ పెరగదని మీరే అన్నారుగా?

సూక్ష్మదర్శిని
తేనెలో పెరగదు. నిద్రపోతూ ఉంటుంది. బొట్యులినం సిద్ధబీజాలు తేనెలో ఉండవచ్చు. మన పేగుల్లో అప్పటికే స్థిరపడ్డ కోట్లాది బాక్టీరియా వాటిని నిలవనివ్వదు. పసిబిడ్డ పేగులు ఇంకా ఖాళీ ఇల్లు, గాలి లేదు, పులుపు తక్కువ. అక్కడ మొలకెత్తి విషం వదలగలవు. మలబద్ధకం, పాలు తాగలేకపోవడం, ఒళ్లు వేలాడిపోవడం లక్షణాలు. ఏడాది నిండేదాకా చుక్క కూడా వద్దు. అరుదే గానీ, ఆ అదృష్ట పరీక్ష ఎందుకు?

ఆవకాయ_అమ్మమ్మ
మా ఇంట్లో ఏడుగురికీ రాశాం. ఏడుగురూ బతికే ఉన్నారు. ఇన్ని చెబుతున్నారు, మా కాలంలో చెరువు నీళ్లు పాత చీర మడతపెట్టి వడకట్టేవాళ్లం. అదీ తప్పేనా?

సూక్ష్మదర్శిని
అది తప్పు కాదు, దానికి పరిశోధనే ఉంది! కలరా బాక్టీరియా ఉప్పు కలిసిన నదీముఖాల్లో, నీటిలో ఈదే రవ్వంత జీవుల ఒంటిని పట్టుకుని బతుకుతుంది. విడిగా ఉన్న బాక్టీరియాను గుడ్డ ఆపలేదు గానీ ఆ జీవులను ఆపుతుంది. అమెరికా శాస్త్రవేత్త రీటా కోల్వెల్ బృందం బంగ్లాదేశ్ పల్లెల్లో పాత చీరను నాలుగు మడతలు వేసి వడకట్టించి చూస్తే కలరా 48 శాతం తగ్గింది. 2003లో ప్రచురించారు. పాత చీరే మేలు. ఉతికి ఉతికి నూలు వదులై కన్నాలు చిన్నవవుతాయి.

ఆవకాయ_అమ్మమ్మ
అది నాకు ముందే తెలుసు. తేనె సీసా మాత్రం దాచమను ఆ పిల్లను, నువ్వు చెప్పావని కాదు, ఎందుకొచ్చిన గొడవ అని.

గోదారి_గట్టు
సూక్ష్మదర్శిని గారూ, తాలింపు అన్నం ఇంకా కొద్దిగా డబ్బాలో ఉంది. తెస్తే మీ ల్యాబ్‌లో పెంచి చూపిస్తారా? మా అబ్బాయి అడుగుతున్నాడు, వాడికి తనను పడగొట్టినవాడి ముఖం చూడాలని ఉంది.

సూక్ష్మదర్శిని
రోగుల నమూనాలే మాకు తలకు మించి ఉన్నాయి, అన్నం తీసుకోం. పారేయండి, ఎవరూ రుచి చూడకుండా. పైగా మీరు వేయించారు, బాక్టీరియా చచ్చిపోయి ఉంటే పళ్లెంలో ఏదీ మొలవకపోవచ్చు, విషం మాత్రం ఉండొచ్చు.

రిటైర్డ్_మాస్టారు
అబ్బాయికి ఇంకో కథ చెప్పండి. బాక్టీరియా శాస్త్రానికి పునాది వేసినవారిలో ఒకడైన రాబర్ట్ కాక్ కాలంలో బాక్టీరియాను జెలటిన్ మీద పెంచేవారు. మనిషి ఒంటి వేడికి, అంటే 37 డిగ్రీలకు పెట్టగానే అది కరిగి నీరయ్యేది. ఆయన దగ్గర పనిచేసే వాల్టర్ హెస్సే భార్య ఫానీ, వేసవిలోనూ కరగని తన జెల్లీల్లో వాడే అగర్‌ను వేసి చూడమంది. 1881 నాటి మాట. అది మన వంటిళ్లలో చైనాగడ్డి. ఇవాళ్టికీ ప్రపంచంలో ప్రతి ల్యాబ్ పళ్లెంలోనూ అదే.

అలాగని అన్నీ దానిమీద పెరగవు. కుష్ఠు బాక్టీరియాను 1873లోనే నార్వే వైద్యుడు హాన్సెన్ చూశాడు, ఇప్పటిదాకా ఏ పళ్లెంలోనూ ఎవరూ పెంచలేకపోయారు. దానికి ఒంట్లోని చల్లటి చోట్లు కావాలి. చర్మం, ముక్కు, చెవి తమ్మెలు. ఎలుక అరికాలులోనూ, ఒళ్లు చల్లగా ఉండే ఆర్మడిల్లో అనే జంతువులోనూ పెంచారు. రెట్టింపు కావడానికి దానికి ఇరవై నిమిషాలు కాదు, దాదాపు రెండు వారాలు.

పప్పుచారు
మా ఆఫీసులో ఫైలు వేగం అదే.

ఒంగోలు_గిత్త
ఇంతకీ గట్టు గారూ, చుట్టాలు వచ్చారా?

గోదారి_గట్టు
నిన్న రాత్రి వచ్చారు. చెప్పకుండా, ఆరుగురు. మేం ఇప్పుడు బియ్యం గ్లాసుతో కొలిచి పోస్తున్నాం కదా, అన్నం చాలలేదు. అమ్మ తన చద్దికి తీసిపెట్టుకున్నది కూడా వడ్డించేసింది. నా మీద కోపంగా ఉంది.